గ్రంథాలయ కార్డుతో మ్యూజియము దర్శనము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో సమాచార శాఖ ప్రచార అధికారి చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటినుండి మీరు పన్నులను గూర్చి, పద్దులను గూర్చి, పారిశుద్ధ్యమును గూర్చి వినియున్నారు. ఈ పూట మాకు ఒప్పగించిన విషయము గ్రంథాలయములు. గ్రంథాలయమనగానే మన కన్నులయెదుట కనిపించునది రెండు బీరువాలు, ఒక పొడవు బల్ల, దానిపై నాలుగు దినపత్రికలు, వాటిచుట్టు నలుగురు వృద్ధులు. ఈ చిత్రము తప్పని మేము అనము. ఆ నలుగురు వృద్ధులును లేనిచో పెక్కు గ్రామములలో గ్రంథాలయము తలుపు తీయువారే ఉండరు. అయినను ఈనాడు పుస్తకములను గూర్చి గాక, కొన్ని దేశములలో గ్రంథాలయమువారు పుస్తకమువలెనే ఎరువిచ్చు మరియొక వస్తువును గూర్చి మీకు చెప్పదలచినాము. ఆ వస్తువు మ్యూజియమునకో, జంతుప్రదర్శనశాలకో, ఉద్యానవనమునకో పోవుటకు కావలసిన ప్రవేశపత్రము. వాడుకలో దానిని పాసు అందురు. మనమును అట్లే అందము.

ఈ పద్ధతి ముఖ్యముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను వ్యాపించియున్నది. ఒక ఊరిలో నివసించువారెవరైనను తమ నివాసమును తెలుపు ఒక కాగితము, అనగా విద్యుత్తు బిల్లో, ఇంటి అద్దె ఒప్పందమో చూపి గ్రంథాలయ కార్డు పొందవచ్చును. దానికి రుసుము లేదు. తల్లియో తండ్రియో సంతకము చేసినచో చిన్నపిల్లలకును వేరుగా కార్డు ఇత్తురు. ఆ కార్డుతో పుస్తకము తీసికొని పోయినట్లే పాసును కూడ తీసికొని పోవచ్చును. ఆ పాసు చూపినచో మ్యూజియము ద్వారమువద్ద కుటుంబమునంతను ఉచితముగానో, సగము ధరకో లోనికి విడిచెదరు. ఎందరిని విడుతురు, ఏ దినమున విడుతురు, టిక్కెట్టులో ఎంత తగ్గింతురు అనునవి ఆయా సంస్థలను బట్టి మారుచుండును.

మ్యూజియమునకు పోవుటకు ఇంత ఏర్పాటెందుకని మీకు సందేహము కలుగవచ్చును. ఆ దేశమున మ్యూజియములన్నియు ప్రభుత్వమువి కావు. రాజధాని వాషింగ్టను నగరములో స్మిత్సోనియన్ సంస్థవారి మ్యూజియములకు టిక్కెట్టు లేదు. కాని ఇతర నగరములందలి పెద్ద మ్యూజియములలో అనేకము ధర్మకర్తల సంఘములచే నడుపబడుచు, టిక్కెట్టు రాబడిపైనను విరాళములపైనను ఆధారపడియున్నవి. న్యూయార్కు నగరములోని ఆధునిక కళా మ్యూజియములో 2023 అక్టోబరులో పెద్దవారి టిక్కెట్టు ధరను 30 డాలరులు చేసిరి. ఆ లెక్కన భార్యాభర్తలిద్దరు లోపలికి పోవలెనన్నచో 60 డాలరులు. రైలు చార్జీ, భోజనము వేరు. హోటలులో పాత్రలు కడుగువానికి, ఇండ్లలో పనిచేయు స్త్రీకి అది ఒక పూట కూలికి మించిన సొమ్ము. నగరములో పుట్టి పెరిగి, వీధి చివరనున్న మ్యూజియము గడప తొక్కనివారు అక్కడను కలరు. ధనిక దేశమని మనమనుకొనుచోట కూడ ఈ గోడ ఉన్నది.

ఆ గోడకు గ్రంథాలయమువారు ఒక చిన్న ద్వారము పెట్టినారు. మ్యూజియములవారు ఏటేట సభ్యత్వములు అమ్ముదురు. సభ్యుడైనవాడు సంవత్సరమంతయు ఎన్నిసార్లయినను కుటుంబముతో పోవచ్చును. గ్రంథాలయమే అట్టి సభ్యత్వమును కొని, ఆ కార్డును ఒకరి తరువాత ఒకరికి ఎరువిచ్చినచో ఏమగును? ఒకే సభ్యత్వము సంవత్సరమునకు వందలమందికి పనికివచ్చును. మసాచుసెట్సు మొదలగు రాష్ట్రములలో ఎన్నో చిన్న ఊళ్ల గ్రంథాలయములు ఈ విధముగనే చేయుచున్నవి.

ఆ సభ్యత్వమునకు సొమ్ము ఎక్కడిది? పంచాయతీ సభ్యులు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. కొన్ని ఊళ్లలో ఆ సొమ్ము పన్నులనుండి రాదు. అనేక గ్రంథాలయములకు 'గ్రంథాలయ మిత్రులు' అను పేర ఒక సంఘముండును. ఆ సంఘమువారు ఊరివారినుండి చదివిన పుస్తకములు సేకరించి, ఏడాదికి ఒకటి రెండుసార్లు సంతవలె పెట్టి స్వల్ప ధరకు అమ్మి, వచ్చిన సొమ్ముతో పాసులు కొందురు. ఒకని అటకమీది పాత నవల మరియొకని బిడ్డకు మ్యూజియము టిక్కెట్టుగా మారుచున్నదన్నమాట. మరికొన్నిచోట్ల స్థానిక వ్యాపారులు ఇత్తురు. ఇంకను కొన్నిచోట్ల మ్యూజియములే పాసులను ఉచితముగా ఇచ్చివేయును. ఖాళీగా ఉన్న గదిని చూపుటవలన తమకు నష్టము లేదనియు, ఈనాడు ఉచితముగా వచ్చిన పిల్లవాడు రేపు సొమ్ము పెట్టి వచ్చుననియు వారి లెక్క. ఇది దానము కాదు, దూరదృష్టి గల వ్యాపారమని మా అభిప్రాయము. అయినంత మాత్రమున తప్పులేదు.

న్యూయార్కు నగరమునే తీసికొందము. ఆ నగరమునకు మూడు గ్రంథాలయ వ్యవస్థలున్నవి: న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ, బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీ, క్వీన్సు పబ్లిక్ లైబ్రరీ. ఈ మూడును కలిసి 2018 జూలైలో 'కల్చర్ పాస్' అను పథకమును ప్రారంభించినవి. మొదట 33 సంస్థలు చేరినవి. తరువాత ఇంకను అనేకము చేరినవి. 13 ఏండ్లు నిండిన కార్డుదారుడెవడైనను తనకు కావలసిన దినమును కంప్యూటరు ద్వారానో, సెల్‌ఫోను ద్వారానో ముందుగా నిర్ణయించుకొని పాసు తీసికొనవచ్చును. ఒక్కొక్క సంస్థకు ఒక కార్డుపై ఏడాదికి ఒక పాసు మాత్రమే ఇత్తురు. అందరికిని అందవలెనన్నచో ఇట్టి హద్దు తప్పదు. అక్కడి బ్రూక్లిన్ పిల్లల మ్యూజియము 1899లో స్థాపింపబడినది. పిల్లలకొరకే ప్రత్యేకముగా నెలకొల్పిన మ్యూజియములలో ప్రపంచమున మొట్టమొదటిది. పిల్లలు వస్తువులను తాకి చూడవచ్చునని చెప్పుటకు ఆ రోజులలో కొంత ధైర్యము కావలెను. మన మ్యూజియములలో నేటికిని 'తాకరాదు' అను పలకలే మొట్టమొదట కన్నులబడుచుండును.

చికాగో గ్రంథాలయమువారి పద్ధతి మరియొక తీరు. అక్కడ మ్యూజియము పాసును పెద్దవారే తీసికొనవలెను. కాని వెళ్లు నలుగురిలో 18 ఏండ్ల లోపువారు ఒకరైనను ఉండితీరవలెను. పాసు కుటుంబమునకు గాని, ఒంటరి వినోదమునకు గాదని దాని తాత్పర్యము. జార్జియా రాష్ట్రములో మరియొక చమత్కారమైన ఏర్పాటు జరిగినది. అట్లాంటా జంతుప్రదర్శనశాలకు పోదలచిన కుటుంబము గ్రంథాలయమునుండి జంతువులను గూర్చిన ఒక చలనచిత్రపు డిస్కును ఎరువు తీసికొని చూడవలసియుండెను. ఆ ఎరువు రసీదు చూపినచో నలుగురిని ఉచితముగా లోనికి విడిచెడివారు. ముందుగా కొంత తెలిసికొని పోయిన పిల్లవాడు ఏనుగును చూచునప్పుడు దాని చెవులను చూచును, దంతములను చూచును, అడుగు వేయు తీరును చూచును. తెలియని పిల్లవాడు తోపుడుబండిమీది ఐసుక్రీమును చూచును. ఇందులో పిల్లవాని తప్పేమియు లేదు.

మ్యూజియములకంటె ఉద్యానవనముల పాసులు మాకు ఎక్కువ నచ్చినవి. ఇక్కడ ఉద్యానవనములనగా పట్టణములోని పూలతోటలు కావు. అడవి, కొండ, చెరువు, సముద్రతీరము కలిసిన విశాల భూభాగములు. వాటిని రాష్ట్ర ప్రభుత్వములు కాపాడుచు, పెక్కుచోట్ల లోనికి పోవు వాహనములకు దినసరి రుసుము వసూలు చేయుచుండును. కొలరాడో రాష్ట్రములో పార్కుల శాఖవారు గ్రంథాలయములకు వీపుసంచులను ఇచ్చిరి. సంచిలో వాహనమునకు తగిలించు పాసు, దూరదర్శిని, అక్కడి పక్షులను మృగములను గుర్తించుటకు ఒక చిన్న పుస్తకము ఉండును. ఏడు దినములకు ఎరువిత్తురు. పాసు ఒక్కటే ఇచ్చినచో కుటుంబము చెట్టుక్రింద అన్నము తిని తిరిగి వచ్చును. దూరదర్శిని కూడ ఇచ్చినచో పిల్లలు చెట్టుమీది పిట్టను గూర్చి తగవులాడుకొందురు. ఆ సంచిని సిద్ధపరచినవారెవరో పిల్లలున్నవారై యుండవలెను.

కాలిఫోర్నియా రాష్ట్రములో ఈ పని ఇంకను పెద్ద ఎత్తున జరిగినది. రాష్ట్ర గ్రంథాలయము, రాష్ట్ర పార్కుల శాఖ కలిసి 2022లో గ్రంథాలయములన్నింటికి వాహన పాసులను పంపినవి. ఆ పాసు 200కు పైబడిన పార్కులలో చెల్లును. తొమ్మిదిమందికి మించి కూర్చొన వీలులేని ఒక కారునకో, ఒక మోటారు సైకిలుకో పగటివేళ ప్రవేశము లభించును. రాత్రి బసకు, పడవలకు అది వర్తింపదు. మొదట దీనిని మూడు సంవత్సరముల ప్రయోగముగా తలపెట్టిరి. 2024లో బడ్జెట్టు బిగిసినప్పుడు పథకము ఆ ఏటితో ఆగిపోవునను స్థితి వచ్చినది. ఇంత జనాదరణ గల పథకమునకు కూడ ఆ గతి పట్టినది. తరువాత కొనసాగించుటకు మరల ఏర్పాట్లు జరిగినవి. ఈ సంగతి మీకు చెప్పుటకు కారణమున్నది. 'ప్రయోగము' అను పేరుతో మొదలైన పనికి రెండవ ఏటనుండియే సొమ్ము వెదకవలెను. మూడవ ఏట వెదకినచో చాల ఆలస్యమగును. మన గ్రామములలో ప్రారంభోత్సవపు శిలాఫలకములు మిగిలి పనులు మిగులని ఉదాహరణములు మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇక ఈ పద్ధతిలో మాకు ముఖ్యముగా తోచిన గుణమును చెప్పెదము. పేదలకు టిక్కెట్టు తగ్గించుటకు ఆ దేశమున వేరొక పథకము కూడ కలదు. 2014లో ప్రారంభమైన ఆ పథకము ప్రకారము ప్రభుత్వ ఆహార సహాయపు కార్డు చూపినవారిని 3 డాలరులకో అంతకంటె తక్కువకో లోనికి విడిచెదరు. అది మంచి పథకమే. అయినను ద్వారమువద్ద పదిమంది యెదుట, వెంటనున్న పిల్లల యెదుట, తాను పేదవాడనని ఒక కార్డు తీసి చూపవలెను. గ్రంథాలయపు పాసునకు ఆ పని లేదు. నీ ఆదాయమెంతయని గ్రంథాలయ పాలకుడు అడుగడు. ఈ ఊరివాడవా, కాదా అని మాత్రమే అడుగును. డాక్టరుగారి బిడ్డ, చాకలివాని బిడ్డ ఒకే రంగు పాసు పట్టుకొని ఒకే వరుసలో నిలిచెదరు. మన రేషను దుకాణములయొద్ద, ఆసుపత్రులయొద్ద కార్డు చూపునప్పుడు మన స్త్రీల ముఖమున కనబడు సంకోచమును మీరెరుగుదురు. పేదరికమును నిరూపించుకొననక్కరలేని సహాయము సహాయమువలె కనిపించదు. అదియే దానిలోని మేలు.

అయితే లోపములు లేకపోలేదు; వాటిని దాచుట ప్రచార శాఖవారి పనియని కొందరి భ్రమ. శని, ఆదివారముల పాసులు, వేసవి సెలవుల పాసులు అందరికంటె ముందుగా అయిపోవును. వాటిని తీసికొనువారెవరు? ఏ దినమున ఏ వేళకు పాసులు విడుదలయగునో తెలిసినవారు, ఇంటిలో కంప్యూటరు గలవారు. కూలిపనినుండి రాత్రి ఇల్లు చేరువానికి మిగులునవి పనిదినముల పాసులు. ఆ దినములలో అతనికి తీరికయుండదు. వాహన పాసు సంగతి మరియు స్పష్టము. కారున్నవానికే అది పనికివచ్చును. కారు లేనివాని చేతిలో ఆ పాసు అందమైన అట్టముక్క. అందరికిని తెరచిన తలుపు అందరికిని సమానముగా దగ్గర కాదు. పథకము వ్రాయువారు ఈ వ్యత్యాసమును ముందుగనే ఆలోచింపవలెను.

తిరిగి ఇచ్చుటలో గల చిక్కును కూడ కొంచెము చెప్పవలెను. చేతికిచ్చు పాసును మరునాడో, గడువులోపలనో తెచ్చి ఇవ్వవలెను. ఏలయన మరునాడు దానికై మరియొక కుటుంబము కాచియుండును. పుస్తకము రెండు దినములు ఆలస్యమైనచో చదువరి మరియొక పుస్తకము తీసికొనును. పాసు ఆలస్యమైనచో పిల్లలతో బయలుదేరిన కుటుంబము నిరాశతో ఇల్లు చేరును. చికాగోలో 2019లోను, న్యూయార్కు, బోస్టను నగరములలో 2021లోను పుస్తకముల ఆలస్యపు జరిమానాలను గ్రంథాలయములవారు రద్దుచేసిరి. జరిమానాకు భయపడి పేదపిల్లలు గ్రంథాలయమునకే రాకపోవుట వారు గమనించిరి. కాని తిరిగి ఇవ్వవలసిన పాసుల విషయములో అనేక గ్రంథాలయములు గట్టి నియమములనే పాటించుచున్నవి. ఈ చిక్కు తప్పించుటకే చాలచోట్ల తేదీ వేసిన కాగితపు పాసులను, ఫోనులో చూపు పాసులను ప్రవేశపెట్టిరి. వాటిని తిరిగి ఇవ్వనక్కరలేదు. అయినను పోలేనివారు ముందుగా రద్దుచేసికొని, ఆ దినమును మరియొకరికి విడువవలెను. ఇది జరిమానాతో వచ్చు అలవాటు కాదు. మన ఊరి పాతబావివద్ద వంతు తప్పినవారు ప్రక్కవారికి చెప్పి పోయెడివారు. అదే అలవాటు.

ఈ సంగతులు మనకు ఎంతో దూరపువని మీరనుకొనవద్దు. మీ గ్రామములనుండి చదువుకొని అమెరికా వెళ్లిన పిల్లలు న్యూజెర్సీలో, టెక్సాసులో, కాలిఫోర్నియాలో స్థిరపడియున్నారు. మనుమల పెంపకమునకై తల్లిదండ్రులు అచ్చటికి పోయి నాలుగైదు నెలలు ఉండివచ్చుట ఇప్పుడు ఏ గ్రామములోనైనను చూడవచ్చును. పగలు కొడుకు, కోడలు పనికి పోవుదురు. పెద్దవారికి కారు నడుపుట రాదు. ఇంటిలో కూర్చుండి కాలము గడుపవలెను. అట్టివారికి దగ్గరగా ఒక గ్రంథాలయముండుట గొప్ప ఊరట. కొన్ని గ్రంథాలయములలో తెలుగు పుస్తకములు కూడ దొరకును. చూడవచ్చినవారికి స్వంతముగా కార్డు ఇవ్వకపోవచ్చును గాని, కుమారుని కార్డుపై పాసు తీసికొని ఆదివారము నాడు తాత, నాయనమ్మ, మనుమలు కలిసి మ్యూజియమునకు పోవచ్చును. మీ గ్రామములనుండి ఎవరైన ప్రయాణమగుచున్నచో ఈ ఒక్క మాట వారి చెవిన వేయుడు.

గ్రంథాలయము ఇన్ని పనులు ఎప్పటినుండి నేర్చినదని అడుగవచ్చును. అమెరికాలో పన్నుల సొమ్ముతో అందరికిని ఉచితముగా నడుపు గ్రంథాలయమునకు ఆది న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని పీటర్‌బరో అను చిన్న ఊరు, సంవత్సరము 1833. అదియొక పల్లె, నగరము కాదు. ఆ న్యూహాంప్‌షైరు రాష్ట్రముననే 2008లో నక్షత్రములను చూచు దూరదర్శినులను గ్రంథాలయముల ద్వారా ఎరువిచ్చు ఏర్పాటు మొదలైనది. ఇట్లు పుస్తకమునుండి వస్తువునకు, వస్తువునుండి పాసునకు వారు సాగినారు. మనవారును ఇందులో వెనుకబడినవారు కారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు ప్రాణము పోసినవారు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కాలువ వెంబడి పెదవడ్లపూడినుండి కొల్లూరు వరకు పడవపై పుస్తకములు తిరిగినవి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరివద్దకు పోవలెనని ఆనాడే మన పల్లెలవారు గ్రహించిరి. పడవలో పుస్తకము పెట్టినవారికి పుస్తకములో టిక్కెట్టు పెట్టుట అసాధ్యమైన ఊహ కాదు.

ఇప్పుడు మన సొంత పద్దునకు వత్తము. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ప్రకారము మీరు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సుంకమును కూడ వసూలు చేయుచున్నారు. రూపాయికి 8 పైసలు. వేయి రూపాయల ఇంటిపన్నుపై ఇది 80 రూపాయలగును. రెండు లక్షల రూపాయల డిమాండుగల పంచాయతీలో సంవత్సరమునకు 16,000 రూపాయలు. ఈ సొమ్ము పంచాయతీది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది. పంచాయతీ వసూలు చేసి అందించు చేయి మాత్రమే. వీధిదీపముల బిల్లు వచ్చినప్పుడు ఈ సొమ్ముపై కన్ను పడుట సహజము. కాని ఇట్లు ఒక పంచాయతీ, మరియొక పంచాయతీ బకాయి పెట్టగా పెట్టగా, చివరకు శాఖా గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకము రాదు. పనిచేయు మనిషికి జీతము సరిగా అందదు. ఒకనాడు తలుపు మూతబడును. అప్పుడు ఊరివారు సంస్థను నిందింతురు, సంస్థ పంచాయతీని నిందించును. కనుక మీ తరువాతి సమావేశములో ఈ ఒక్క పద్దును తెప్పించి చూడుడు: ఎంత వసూలైనది, ఎంత పంపినాము, ఏ తేదీన పంపినాము.

మన దేశములో పాసు పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చిపెట్టవలెనని మేము చెప్పుట లేదు. అక్కడి చిక్కు టిక్కెట్టు ధరలో ఉన్నది. మన చిక్కు వేరొకచోట ఉన్నది. కేంద్ర పురావస్తు శాఖవారి మ్యూజియములలో 15 ఏండ్ల లోపు పిల్లలకు టిక్కెట్టే లేదు. పెద్దవారి టిక్కెట్టును పెద్ద భారము కాదు. నాగార్జునకొండ మ్యూజియమునే చూడుడు. సాగరు జలాశయము నీటిలో మునుగబోవు లోయనుండి 1954 మొదలు 1960 వరకు త్రవ్వి తీసిన బౌద్ధ శిల్పములు ఆ ద్వీపముపై భద్రపరుపబడియున్నవి. అక్కడికి లాంచిలో పోవలెను; మ్యూజియము టిక్కెట్టుకంటె లాంచి చార్జీ ఎక్కువ. దానికితోడు ఊరినుండి సాగరు వరకు బస్సు చార్జీ. అన్నింటికంటె ఎక్కువ, ఆనాటి కూలి పోవుట. మన పాసు టిక్కెట్టును మాత్రమే తగ్గించినచో వ్యవసాయకూలి కుటుంబమునకు మిగులునది స్వల్పము.

అమరావతి సంగతి మరియు విచారకరము. ఆ స్తూపమును 1797లో కర్నల్ కాలిన్ మెకంజీ చూచి లోకమునకు తెలిపెను. తరువాతి కాలమున త్రవ్విన సున్నపురాతి పలకలలో అనేకము చెన్నపట్టణపు మ్యూజియమునకు, మరికొన్ని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. లండనులో ఆ పలకలు చూచుటకు టిక్కెట్టు లేదు. అచ్చటి తెలుగు పిల్లలు వానకు తడియకుండ లోనికి పోయి చూచి వచ్చుచున్నారు. అమరావతిలో మిగిలిన శిల్పములు మన పురావస్తు మ్యూజియములో ఉన్నవి. చుట్టుపట్ల గ్రామములలో ఆ మ్యూజియము ముందునుండి వందసార్లు బస్సులో పోయి ఒక్కసారియు లోనికి పోనివారిని మేము స్వయముగా కలిసికొన్నాము. ఎందుకు పోలేదని అడిగినచో వారు చెప్పు సమాధానము సొమ్మును గూర్చి కాదు. 'అది మాకు కాదేమో అనుకొన్నామండీ' అని ఒక రైతుబిడ్డ మాతో అన్నది. పదవ తరగతి చదువుచున్న పిల్ల. చరిత్ర పాఠములో అమరావతి పేరు కంఠస్థము చేసిన పిల్ల.

ఈ 'మాకు కాదేమో' అను సంకోచమును పోగొట్టుటయే పాసు చేయు పని. గ్రంథాలయములో తనకు తెలిసిన మనిషి, తన పేరు వ్రాసి, ఒక కాగితము చేతికిచ్చి 'పోయి చూచి రండి' అని చెప్పినప్పుడు, ఆ ద్వారము తన కొరకును తెరచియున్నదని ఆ కుటుంబమునకు నమ్మకము కలుగును. ఇది మన గ్రామములలో ఏ చట్టమును మార్చకయే చేయదగిన పని. గ్రంథాలయములో ఒక నోటు పుస్తకము పెట్టుడు. జిల్లాలో గల మ్యూజియములు, జంతుప్రదర్శనశాలలు, పురాతన కట్టడములు ఏవి, అవి ఏ దినము మూసియుండును, టిక్కెట్టెంత, ఏ బస్సు పోవును, తిరుగు బస్సు ఎప్పుడు, త్రాగునీరు, మరుగుదొడ్డి ఉన్నవా, లేవా. చివరి రెండు ప్రశ్నలు ప్రభుత్వ పుస్తకములలో కనబడవు గాని, తల్లి మొదట అడుగునవి అవియే. ఈ వివరములను పాఠశాల ఉపాధ్యాయుడో, ఒకసారి పోయి వచ్చిన యువకుడో సేకరించవచ్చును.

పది పన్నెండు కుటుంబములు కలిసినచో ఒక బస్సు మాట్లాడుకొనవచ్చును. మనిషికి పడు ఖర్చు గణనీయముగా తగ్గును. కోతలకు, నాట్లకు మధ్య పనులు తక్కువగా ఉండు రోజులను మీకంటె ఎవరెరుగుదురు? ఆ రోజులను ఎన్నుకొన్నచో కూలి నష్టమును ఉండదు. పిల్లలను మాత్రమే పంపుట పాఠశాల విహారయాత్ర అగును, అది వేరు. తల్లియు బిడ్డయు ఒకే శిల్పముముందు నిలిచి చూచిన సంగతి ఆ రాత్రి ఇంటిలో మాటలకు వచ్చును. తల్లి చదువురానిదైనను రాతిలోని స్త్రీ ముక్కెర పెట్టుకొన్న తీరును, కొప్పు ముడిచిన తీరును బిడ్డకంటె ముందు ఆమెయే కనిపెట్టును. అప్పుడు బిడ్డకు తల్లి పాఠము చెప్పును. అందుచేతనే ఆ దేశపు పాసులు విద్యార్థి పేర గాక కుటుంబము పేర ఉండుట మాకు సమంజసముగా తోచినది.

నవంబరు 14 నుండి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవములు జరుగును. వ్యాసరచన, వక్తృత్వము, చిత్రలేఖనము మొదలగు పోటీలు పెట్టి, గెలిచిన పిల్లలకు బహుమతులిత్తురు. బహుమతి సాధారణముగా ఒక స్టీలు గిన్నెయో, ప్లాస్టిక్ డబ్బాయో. గిన్నెలపై మాకు కోపము లేదు. ఇంటింట అవి పనికివచ్చునవే. కాని గెలిచిన బిడ్డకు, ఆ బిడ్డ తల్లిదండ్రులకు మ్యూజియము టిక్కెట్టును, రానుపోను బస్సు చార్జీని ఒక కవరులో పెట్టి ఇచ్చినచో ఎట్లుండునో ఆలోచింపుడు. గ్రామములో ఎరువుల దుకాణము, రైసుమిల్లు, పాలకేంద్రము నడుపు దాతలు గిన్నెలు కొనిపెట్టినట్లే కవరులును పెట్టగలరు. మొదటి ఏట ఇద్దరికో ముగ్గురికో చాలును. పోయివచ్చిన బిడ్డచేత గ్రంథాలయములో నలుగురి యెదుట చూచినదంతయు చెప్పింపుడు. ఆ నలుగురు వృద్ధులు అక్కడ ఎటులను ఉందురు. వారికంటె ఓపికగల శ్రోతలు దొరకరు.

గ్రంథాలయము మూతబడియున్న గ్రామములవారు మొదట తాళము సంగతి చూడవలెను. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి తీర్మానము ప్రతిని, దానితోపాటు మీరు పంపిన సుంకపు రసీదుల నకళ్లను జతచేయుడు. రసీదులు జతపరచిన అర్జీని త్రోసిపుచ్చుట ఏ కార్యాలయమునకైనను కష్టము.

చివరగా ఒక చిన్న సూచన. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమునకు, పురావస్తు శాఖవారి మ్యూజియములకు శుక్రవారము సెలవు. జంతుప్రదర్శనశాలకు హైదరాబాదులో సోమవారము సెలవు. బస్సు మాట్లాడుకొనుటకు ముందుగా ఆ దినము ఏ వారమో చూచుకొనుడు. ఇక మీ ప్రశ్నలు వినెదము.